రెండో పిడికెడు

మా చర్చిలో ఆడవాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టి బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వెయ్యాలి. అది దేవుని పిడికెడు. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసి చర్చికి తీసుకెళ్తాం. దిక్కులేని ముసలివాళ్ళకి కొంత, పాస్టరుగారింటికి కొంత. మా అత్త రూతమ్మ ముప్ఫై ఏళ్ళుగా ఒక్క పూట కూడా తప్పలేదు. జ్వరంతో మంచం మీద పడుకుని కూడా, "ఓలమ్మీ, పిడికెడు తీసినావా?" అని కేకేస్తుంది.

నేను రెండు తీసేదాన్ని.

మొదటిది అందరిలాగే. రెండోది మా అమ్మాయి దీవెన కోసం. దీవెన కడుపులో ఉండగా ఎనిమిదో నెల నిండకుండానే నాకు కాన్పు వచ్చేసింది. పిల్ల శ్రీకాకుళం ఆసుపత్రిలో గాజుపెట్టెలో ముప్ఫై రెండు రోజులు ఉంది. ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి రెండో పిడికెడు మొదలైంది. ఇచ్చినవాడు మళ్ళీ అడుగుతాడేమోనని నా భయం. అడక్కముందే రోజూ ఏదో ఒకటి ఆయన చేతిలో పెడుతున్నట్టు ఉండేది. ఈ సంగతి నా మొగుడికి కూడా చెప్పలేదు.

ఈ వేసవికి దీవెనకి ఐదేళ్ళు నిండాయి. పోయిన జూన్‌లోనే బడిలో వేశాం. మూడు రోజులు బడి గోడ పక్కన ఎండలో నిలబడి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నాలుగో రోజు దగ్గిందని ఇంటికి తీసుకొచ్చేశాను, మళ్ళీ పంపలేదు. బడి పక్క ఊళ్ళో. మధ్యలో నరసన్నపేట రోడ్డు దాటాలి. మా ఊరి పిల్లలందరూ గుంపుగా నడిచి వెళ్తారు. నేను మాత్రం దీవెనని వీధి మలుపు దాటనిచ్చేదాన్ని కాదు.

నా మొగుడు తిరుమలరావు తాపీమేస్త్రి. వాళ్ళ అమ్మ బాప్తీస్మం పొందకముందు పెట్టిన పేరు అది. తర్వాత యోహాను అని మార్చినా ఊళ్ళో ఎవరూ అలా పిలవలేదు. ఈ ఏప్రిల్‌లో ఒకరోజు అన్నం తింటూ అన్నాడు:

"ఈయేడు జూన్‌లో పిల్ల బడికెల్లాల్సిందే. నువ్వు కూడా బెంచీ మీద కూకుంటానంటే మేస్టారికి సెప్పి నీ పేరు కూడా రాయించేత్తాను. ఎలాగూ ఎనిమిదితో ఆపేసినావు కదా."

"నీకు ఎగతాళిగా ఉన్నాది బావా."

"ఎగతాళి కాదే. మళ్ళీ ఎనక్కి తెచ్చినావంటే ఇంక నాను మేస్టారికి మొకం సూపించలేను."

ఆయన మాట పెంచలేదు. నేను కూడా పెంచలేదు. జూన్ ఇంకా దూరంగా ఉందిలే అనుకున్నాను.

ఆ నెలాఖరు ఆదివారం స్త్రీల కూటంలో పాస్టరమ్మగారు పిడికెడు బియ్యం సంచులు ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. నా సంచి రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది.

"చూశారా! రేఖ వాళ్ళ ఇంట్లో తినేది నలుగురే. అయినా దేవునికి ఎంత ప్రేమతో తీస్తోందో!" అన్నారు. అందరూ నావైపు చూశారు. సిగ్గుతో నా మెడ వంగిపోయింది. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు. అమ్మగారు అక్కడితో ఆగలేదు. "ఈసారి వీబీఎస్‌లో చిన్నపిల్లల తరగతి నీదేనమ్మా. పాఠం దేవుని ప్రేమ. నీకంటే ఎవరు బాగా చెప్తారు?"

వీబీఎస్ అంటే వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకి పెట్టే పది రోజుల బడి. పాటలు, కథలు, చివర్న రస్నా. ప్రతిసారీ నరసన్నపేట నుంచి ఒక టీచరు వచ్చేది. ఈసారి ఆమెకి పెళ్ళి కుదిరింది.

"నాకు రాదమ్మగారూ. సదవడం కూడా సరిగ్గా రాదు."

"ప్రేమించడం వచ్చుగా. చాలు."

నా సంచిలో సగానికి పైగా భయమేనని ఆమెతో ఎలా చెప్పను?

మే మొదటి వారంలో మొదలైంది. ఉదయం ఏడున్నరకే చర్చి రేకులు వేడెక్కిపోయేవి. పద్నాలుగు మంది పిల్లలు, ఒక చాప, ఒక టీచర్ల పుస్తకం. ముందురోజు రాత్రి లైను కింద వేలు పెట్టి చదువుకుని, ఉదయం ఆ వేలు దాచుకుని చెప్పేదాన్ని. దీవెన నా కొంగు పట్టుకుని పక్కనే కూర్చునేది. కాదు, కొంగు ముడి దాని వేళ్ళకి చుట్టింది నేనే.

మొదటి రోజు తప్పిపోయిన గొర్రె కథ. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి మిగతా తొంభై తొమ్మిదినీ విడిచిపెట్టి దానికోసం వెతుక్కుంటూ వెళ్తాడు. చెప్పడం పూర్తయ్యేసరికి పృథ్వీరాజ్ లేచి నిలబడ్డాడు. వాడికి ఏడేళ్ళు. వాళ్ళ తాత గంగులు నిజంగానే గొర్రెలు కాస్తాడు.

"టీసరమ్మా! మరి ఆ తొంబై తొమ్మిదినీ ఎవులు సూసినారు? కుక్కలెత్తికెల్లిపోవా?"

చిన్నప్పటి నుంచి నాకూ అదే అనుమానం. పుస్తకం తిప్పి చూశాను. జవాబు లేదు.

"దేవుడు సూస్తాడు" అన్నాను.

"దేవుడే కదేటి ఎతకడానికెల్లినాడు!" అన్నాడు. పిల్లలందరూ గొల్లుమన్నారు. నాకూ నవ్వు ఆగలేదు. "రేపు సెప్తాన్లే, కూకో" అన్నాను.

పుస్తకంలో ప్రతి పాఠం చివర పిల్లలకో పని ఉండేది. రోజుకో ప్రేమ పని చెయ్యాలి. ఎవరికీ చెప్పకూడదు, ఎవరికీ కనపడకూడదు. "మీ అమ్మకి కూడా సెప్పకూడదు. అది మీకూ దేవుడికీ మజ్జిన రహస్యం" అని మూడుసార్లు గట్టిగా చెప్పాను.

ఎవరికీ చెప్పకూడదు కాబట్టి మర్నాటికల్లా ఊరందరికీ తెలిసిపోయేది. మా తరగతి శ్రావణి చర్చి ముందు చెప్పులన్నిటినీ బొమ్మలకొలువులా జతలు కట్టి పెట్టింది. అన్నీ తప్పు జతలు. ఆదివారం ఆరాధన అయ్యాక జనం అరగంట సేపు ఒంటి చెప్పుతో గెంతుతూ తిరిగారు. పృథ్వీరాజ్ తన పుల్ల ఐసు వీధి కుక్కకిచ్చి, ఇచ్చినట్టు ఆరుగురికి చెప్పాడు. దీవెన మాత్రం నోరు విప్పేది కాదు. "ఇయాల ఏటి సేసినావే?" అని ఎంత బతిమాలినా, పెదాలు బిగించి తల అడ్డంగా ఊపేది. ఎక్కడికీ కదలని పిల్ల, ఏం చేస్తుందిలే అనుకున్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్త కూటానికి వెళ్ళింది. దీవెనని పక్కన పడుకోబెట్టుకుని విసనకర్రతో విసురుతూ, మర్నాటి పాఠం మీద వేలు పెట్టాను. కన్ను ఎప్పుడు మూతపడిందో తెలియదు. తెరిచేసరికి పక్క ఖాళీగా ఉంది.

"దీవెనా!"

పలుకు లేదు. పెరట్లో లేదు. నీళ్ళ తొట్టిలోకి చూశాను. మంచం కింద చూశాను. చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తాను. కాళ్ళు కాలుతున్నాయని కూడా తెలియలేదు. నా కేకలకి వీధంతా లేచింది. ఎవరో రోడ్డు వైపు పరిగెత్తారు, ఎవరో నేలబావి వైపు. బావి మాట చెవిన పడగానే ఇంకా గట్టిగా అరిచాను. 'రెండో పిడికెడు కూడా ఇచ్చాను కదా ప్రభువా, ఒక్క పూట తప్పలేదు కదా' అని లోపల ఒకటే గోల.

ఎదురింటి జగ్గమ్మ పిన్ని కూడా వచ్చింది. మావాళ్ళు కాదు, పైడితల్లి అమ్మవారికి మొక్కుకునే మనిషి. ఆవు, పెయ్యదూడ, గట్టి నోరు, ఇవి ఆవిడ ఆస్తి. ఆ నోటికి జడిసి దీవెనని వాళ్ళ గుమ్మం ఎప్పుడూ తొక్కనివ్వలేదు.

"అరవడం ఆపవే ముందు! అందరూ రోడ్డు మీద పడితే ఇళ్ళల్లో ఎవులెతుకుతారు? నాను మా సాల సూసొస్తాను" అని ఆవిడ తన పశువుల శాల వైపు తిరిగింది.

ఒక్క నిమిషం. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ వినని కేక వినిపించింది.

"ఓలమ్మో! నా పాలూ...!"

వీధి మొత్తం శాలలోకి తోసుకుపోయింది. గడ్డి మోపు పక్కన మా దీవెన గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో దూడ తాడు. దూడ తల్లి పొదుగులో మూతి దూర్చి, తోక ఆడిస్తూ, మూతి నిండా నురగతో తాగుతూనే ఉంది. ఆవు కళ్ళు సగం మూసుకుని దాని వీపు నాకుతోంది. జగ్గమ్మ పిన్ని మొగుడు నరసింగరావు బాబాయి సాయంత్రం పాలు నరసన్నపేటలో హోటల్‌కి వేసే మనిషి. ఆయన సైకిలు పట్టుకుని ఖాళీ క్యానుతో గుమ్మంలో నిలబడిపోయాడు. క్యాను మూత తీసి లోపలికి చూశాడు, మళ్ళీ పెట్టాడు.

నేను దీవెన రెక్క పట్టుకుని లేపాను.

"అంతలా అరుత్తంటే పలకవేటే? ఈదంతా ఎతుకుతున్నారు, వినబడలేదా?"

"వినబడినాది."

"మరి పలకవేటి?"

"రహస్యం కదమ్మా" అంది. "పలికితే తెలిసిపోద్ది. నువ్వే కదా సెప్పినావు, అమ్మకి కూడా సెప్పకూడదని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"దూడ మద్దినేలంతా అమ్మ కోసం ఏడస్తంది" అంది దీవెన. "అందుకే ఇప్పేసినాను. ప్రేమ పని."

నా చెయ్యి లేచింది. భయం పోయిన వెంటనే వచ్చే కోపం చాలా చెడ్డది. ఆ చెయ్యిని జగ్గమ్మ పిన్ని గాల్లోనే పట్టుకుంది.

"కొట్టినావంటే ఊరుకోను. పాలు పోనాయి నాయి, నీయి కాదు. తిడితే నాను తిట్టాలి." ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని దూడ వైపు చూసింది. "దాని తాడు ఇప్పితే ఎక్కడికెల్లినాదో సూడు. రోడ్డెక్కలేదు, సేలో పడలేదు. గెంతుకుంటా తల్లికాడికే ఎల్లినాది. నువ్వేమో పిల్లని కొంగుకి కట్టుకుని తిరగతావు."

నేను దీవెన రెక్క వదిలేశాను.

"ఊరికే ఒదిలేస్తాననుకోకు. దీనికి శిచ్చ ఉన్నాది" అంది దీవెన గెడ్డం పట్టుకుని. "రేపట్నించి రోజూ పొద్దోలగానే నువ్వొక్కద్దానివే నా కాడికి రావాల. నాను పాలు తీసినంత సేపూ దూడని పట్టుకోవాల. ఏటే, వస్తావా?"

"వస్తాను మామ్మా!" అంది. దానికది శిక్షలా లేదు. శిక్ష ఎవరికో నాకు అర్థమైంది.

ఇంట్లో ఆ రాత్రి అత్తతో అన్నాను, "మన వీబీఎస్ అయినాక సూద్దాం అత్తా. ఆవు తన్నితే?"

"ఆ ఆవు మీ మావయ్య బతికున్నప్పట్నించి ఎవుల్నీ తన్నలేదు. తన్నితే జగ్గమ్మే తన్నాల" అంది అత్త. మళ్ళీ మెల్లగా, "మాటిచ్చినాది పిల్ల. నువ్వు ఆపితే మాట తప్పినట్టు నేర్పినట్టవుద్ది, టీచరమ్మా" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఉదయం చర్చి మెట్ల దగ్గరే పృథ్వీరాజ్ కాపు కాశాడు.

"టీసరమ్మా, మా తాతనడిగినాను. తొంబై తొమ్మిది గొర్రెల సంగతి. నువ్వు రేపు సెప్తానని సెప్పనేదు కదా."

"ఏటన్నాడు?"

"'ఒక్కడే ఏ మందనీ కాయడురా ఎర్రోడా' అన్నాడు. పక్క మందోడికి అప్పజెప్పి ఎల్తారంట. తోటోడు సూస్తాడంట. ఆడి గొర్రె తప్పిపోతే ఈడు సూస్తాడంట. 'ఈ మాత్రం తెల్దేటి మీ టీసరికి?' అన్నాడు."

"తెల్దురా" అన్నాను. నిజంగానే తెలియదు. ఆ కథలో ఒక కాపరి, నూరు గొర్రెలే ఉన్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. పక్కన ఇంకో కాపరి ఉండొచ్చన్న ఊహే రాలేదు. ఆ రోజు తరగతిలో పాఠం వాడిచేతే చెప్పించాను. తాత గొంతు పెట్టి బీడీ కాలుస్తున్నట్టు కూడా చేసి చూపించాడు. అమ్మగారు కిటికీలోంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం దీవెన ఒక్కతే వీధి దాటింది. ఎంత, పది అడుగులు. నేను దడి వెనక నిలబడి చూశాను. రెండో రోజు కూడా చూశాను. మూడో రోజు దడి సందులోంచి నా కన్ను కనిపించిందేమో, జగ్గమ్మ పిన్ని పాలు తీస్తూనే అరిచింది, "దడికి కళ్ళు మొలిసినాయేటే? ఆవు సిగ్గుపడి పాలు సేపడంలేదు, ఎల్లు!"

ఆ రోజు నుంచి లోపలే కూర్చుని చెవులతో చూసేదాన్ని. పాలచెంబులో ధారలు పడే చప్పుడు. దీవెన దూడకి గొర్రె కథ చెప్పే గొంతు. "తప్పిపోతే భయపడకు. నిన్ను ఎతకడానికి వస్తారు. నువ్వు మాత్రం పలకాల, తెలిసిందా? నాలాగ ఊరుకోకు." ఒకరోజు కూర తరుగుతూ ఉండిపోయాను. దీవెన వచ్చి నా వీపు మీద వాలినప్పుడు గానీ, అది వెళ్ళిన సంగతే మర్చిపోయానని తెలియలేదు.

ఆఖరి రోజు సాయంత్రం పిల్లల కార్యక్రమం. రంగు కాగితాలు, అరువు మైకు. దీవెన పట్టుబట్టడంతో జగ్గమ్మ పిన్ని కూడా వచ్చింది. లోపలికి రానంది. చెప్పులు విప్పి, వాటిని చంకలో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "ఇక్కడ జతలు మార్సేత్తారంట కదా!" అంది. లోపల అందరూ నవ్వారు. దాంతో సగం బిడియం పోయింది. చర్చికి జగ్గమ్మ పిన్ని వచ్చిందని కాదు, చర్చి జగ్గమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళినట్టు అనిపించింది. పిల్లలందరూ ఆవిడ చుట్టూ మెట్ల మీదే కూర్చున్నారు.

టీచర్లు ఒక మాట చెప్పాలి. మైకు అందుకున్నాను. రాసుకున్న కాగితం ఇంటి దగ్గరే ఉండిపోయింది.

"దేవుని ప్రేమ గురించి పది రోజులు చెప్పాను" అన్నాను. "నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ ఒకటి అర్థమైంది. ఆయన మనల్ని తాడుతో కట్టలేదు. అయినా మనం ఆకలేసినప్పుడు ఆయన దగ్గరికే వెళ్తాం." మైకు పక్కకి ఇచ్చేసి కూర్చున్నాను.

మెట్ల మీద నుంచి జగ్గమ్మ పిన్ని పక్కనున్న శ్రావణితో అంటోంది, మైకు అక్కర్లేని గొంతుతో: "అది నా మాటే! నా సాలలో నాను సెప్పినదే!"

అమ్మగారు లేచి, "అయితే ఆ సాక్ష్యం కూడా మీదేనమ్మా" అని చప్పట్లు కొట్టించారు. పిన్ని చంకలో చెప్పులు జారిపోయాయి.

బడులు తెరిచే జూన్ పన్నెండు రానే వచ్చింది. కొత్త గౌను, వీపు మీద సంచి. మలుపు దాకా నడిచాను. అక్కడ పిల్లల గుంపు ఆగి ఉంది. ఆ ఎదర జగ్గమ్మ పిన్ని ఆవుని మేతకి తోలుకుపోతూ, రోడ్డు దాటే చోటు దగ్గర ఎప్పుడూ లేనిది ఆగి నిలబడింది. శ్రావణి చెయ్యి చాపింది. దీవెన నా చెయ్యి వదిలింది. నేను పట్టుకోలేదు.

వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. గచ్చు కడిగాను. బట్టలు ఉతికాను. మధ్యాహ్నం అత్త పెట్టిన పచ్చడి అన్నం తిన్నాను. ఏం చేశానో వరసగా చెప్పలేను గానీ, బడి వైపు మాత్రం వెళ్ళలేదు. సాయంత్రం నాలుగింటికి ఎసరు పెట్టి, బియ్యం తీసి, కడిగి పోశాను.

అత్త గడప మీద కూర్చుని డబ్బా మూత తీసింది.

"ఏటే, ఇయాల ఒక్క పిడికెడే పడినట్టున్నాది?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "నీకు తెలుసా అత్తా?"

"ఐదేళ్ళ బట్టి డబ్బా నిండుతుంటే తెల్దేటి? అమ్మగారు నీ విసువాసం గొప్పదంటంటే నవ్వాపుకోలేక సచ్చినాను."

"మరి ఎప్పుడూ అనలేదేటి?"

"అంటే మానేస్తావా? నీ మొగుడు సిన్నప్పుడు నాను మూడు తీసేదాన్ని" అంది అత్త. "ఇంట్లో మాకు గంజే మిగిలేది."

"ఎలగ మానేసినావు మరి?"

"మానలేదే. ఓరోజు ఆ పై రెండూ తియ్యడం మర్సిపోనాను. దేవుడేటీ అనలేదు."

డబ్బా వైపు చూశాను. చెయ్యి బియ్యం బస్తాలోకి వెళ్ళింది, అలవాటు కదా. పిడికెడు తీశాను. ఒక క్షణం పట్టుకున్నాను. కడిగి, దాన్ని కూడా ఎసట్లోనే వేశాను. మొదటి రోజు బడి నుంచి వస్తోంది, ఆకలేస్తుంది కదా.

వీధిలో పిల్లల గోల వినిపించింది. గుమ్మంలోకి వచ్చేసరికి దీవెన సంచి మా అరుగు మీదకి విసిరేసి, నావైపు ఒక నవ్వు పారేసి, ఆగకుండా ఎదురింటి శాలలోకి దూరిపోయింది.

"అన్నం తినేసి ఎల్లవే!" అని కేకేశాను.

"వస్తాన్లే అమ్మా!" అని శాలలోంచి పలికింది.

లోపలికి వచ్చి మంట తగ్గించాను. వస్తుంది.